‘ఇనాప్’ స్టిక్కర్‌తో ఎగిరే విమానం: వాయిదా వేసిన మరమ్మతు వెనుక లెక్కలు

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలింది. నెల రోజులకు ప్రాథమిక దర్యాప్తు నివేదిక వచ్చింది. అందులో ఇంధనం స్విచ్‌ల సంగతే అందరి నోళ్లలో నానింది కానీ, ఇంకో పేరా కూడా చాలామందిని కలవరపెట్టింది. ఆ విమానంలో కొన్ని పరికరాల మరమ్మతును జూన్ 9న వాయిదా వేశారని, వాటికి 19 వరకు గడువుందని అక్కడ రాసి ఉంది. కాక్‌పిట్ తలుపు బయట ఎవరున్నారో చూపించే కెమెరా, విమానాశ్రయం మ్యాపు చూపే సదుపాయం, ఒక కంప్యూటర్ నెట్‌వర్క్, కాక్‌పిట్‌లో ఉండే ప్రింటర్ ఆ లెక్కలో ఉన్నాయి. ఇంధనం ట్యాంకుల్లోకి నైట్రోజన్ పంపే వ్యవస్థకు విడిగా జూన్ 20 వరకు గడువు ఉంది.

‘అంటే పాడైపోయిన సామానుతోనే జనాన్ని ఎక్కించారా?’ అని చదివినవాళ్లు అడిగారు. ఆ నివేదిక వీటికీ ప్రమాదానికీ ముడిపెట్టలేదు. ప్రమాదం సంగతి దర్యాప్తు వాళ్లకు వదిలేద్దాం. ప్రశ్న మాత్రం న్యాయమైనదే. పెద్ద విమానాల కంటే, హైదరాబాద్ నుంచి రాజమండ్రికో కడపకో తిరుపతికో వెళ్లే ఏటీఆర్‌లాంటి చిన్న విమానాల విషయంలో ఈ ప్రశ్నకు ఇంకా పదునెక్కువ. ఎందుకో కాస్త ముందుకెళ్తే తెలుస్తుంది.

వాయిదాకు అనుమతి ఎక్కడి నుంచి వస్తుంది

ఇంజినీరు తన ఇష్టప్రకారం ‘రేపు చూద్దాంలే’ అనడానికి వీల్లేదు. ప్రతి విమానానికీ మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్ అనే పుస్తకం ఉంటుంది. ఈ రంగంలో అందరూ ఎంఈఎల్ అనే అంటారు. ఏ పరికరం పనిచేయకపోయినా, ఏయే షరతుల మీద, ఎన్ని రోజులు ఎగరవచ్చో అందులో ఉంటుంది. ముందు ఆ మోడల్ మొత్తానికి ఒక మూల జాబితా తయారవుతుంది. దాన్ని విమానానికి అనుమతి ఇచ్చిన దేశపు నియంత్రణ సంస్థ ఖరారు చేస్తుంది. దాని ఆధారంగా ఒక్కో ఎయిర్‌లైన్ తన సొంత జాబితా రాసుకుని, మన దేశంలోనైతే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం తీసుకోవాలి. సొంత జాబితా మూల జాబితా కంటే కఠినంగా ఉండవచ్చు, సడలింపు మాత్రం ఉండకూడదు.

చదివేటప్పుడు చాలామంది తిరగేసి అర్థం చేసుకునే సంగతి ఒకటుంది. రెక్క ఈ జాబితాలో ఉండదు. ఉండదు కాబట్టే అది లేకుండా ఎగరడానికి వీల్లేదు. భద్రతకు సంబంధించిన వస్తువు పేరు జాబితాలో లేదంటే అది తప్పనిసరిగా పనిచేయాల్సిందే. అంటే ఇది ‘ఉండాల్సినవాటి’ జాబితా అని పేరు చెబుతున్నా, చదివితే ‘కొన్నాళ్లు లేకపోయినా సరే’ అనే జాబితా.

గడువులు నాలుగు రకాలు. ‘ఏ’ రకానికి ఎన్ని రోజులో, ఎన్ని ప్రయాణాలో ఆ పరికరం ఎదురుగానే రాసి ఉంటుంది. ‘బి’కి 3 రోజులు, ‘సి’కి 10, ‘డి’కి 120. లోపం కనిపెట్టిన రోజును లెక్కలోకి తీసుకోరు. జూన్ 9న రాసిన ‘సి’ రకం లోపానికి 10వ తేదీ నుంచి లెక్క మొదలై 19తో గడువు ముగుస్తుంది. నివేదికలోని తేదీ అక్కడి నుంచి వచ్చిందే.

వాయిదా వేశాక పని అయిపోదు. లోపాన్ని విమానం లాగ్‌బుక్‌లో రాయాలి. పాడైన పరికరం దగ్గర ‘ఇనాప్’ (పనిచేయదు) అని స్టిక్కర్ అతికించాలి. కొన్నింటికి ఇంజినీరు చేయాల్సిన పని ఉంటుంది: ఫలానా సర్క్యూట్ బ్రేకర్ బయటికి లాగి క్లిప్ పెట్టడం, ఫలానా వాల్వును మూసి బిగించడం వంటివి. కొన్నింటికి పైలట్ చేయాల్సిన పని ఉంటుంది: వేరే పద్ధతిలో కొలవడం, ఫలానా వాతావరణంలోకి వెళ్లకపోవడం. ఈ రెండో రకం షరతును గుర్తుపెట్టుకోండి, కథంతా చివరికి దాని చుట్టూనే తిరుగుతుంది.

రెండోది ఉంది కదా అనే ధైర్యం

ఏటీఆర్ 72-600 కాక్‌పిట్‌లో వరసగా ఐదు తెరలు ఉంటాయి. వేగం, ఎత్తు, విమానం ఎటు ఒరిగిందో చూపే సమాచారం కెప్టెన్‌కు ఒకవైపు, కో-పైలట్‌కు ఇంకోవైపు కనిపిస్తుంది. ఆ రెండూ పోయినా చూసుకోవడానికి మధ్యలో ఒక చిన్న స్టాండ్‌బై పరికరం. అవసరానికి మించి ఒకటి పెట్టారు కాబట్టే, ఒకటి పోతే కొన్నాళ్లు ఆగవచ్చు అనే మాట పుట్టింది.

దీన్ని లెక్కగా చూద్దాం. అంకెలు కేవలం అర్థం కావడానికి నేను అనుకున్నవి. ఒక పరికరం 10,000 గంటలకు ఒకసారి పాడవుతుందనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరికరాలు ఒకే గంటలో పాడయ్యే అవకాశం పది కోట్లలో ఒకటి. ఇప్పుడు ఒకటి ముందే పాడై, స్టిక్కర్ వేసుకుని కూర్చుంది. మిగిలినది ఈ గంటలో పోయే అవకాశం పది వేలలో ఒకటి. అదే విమానం ఇలాగే 60 గంటలు ఎగిరితే, ఆ 60 గంటల్లో ఎప్పుడో ఒకప్పుడు రెండోదీ పోయే అవకాశం దాదాపు 167లో ఒకటికి చేరుతుంది. అప్పటికీ మూడోది మిగిలే ఉంటుంది. అయినా గడువు ఎందుకు పెట్టారో ఈ లెక్కలో తెలుస్తుంది: గండం రోజురోజుకూ కొంచెం కొంచెంగా పోగుపడుతుంది.

‘ఒకదానితో ఒకటి సంబంధం లేని’ అన్నాను చూశారూ, లెక్క మొత్తం ఆ మాట మీద నిలబడి ఉంది. రెండు పరికరాలకూ సమాచారం ఒకే చోటు నుంచి వస్తుంటే ఈ గుణకారం అంతా గాలిలో కలిసిపోతుంది.

పది రోజులు అందరికీ ఒకటే కాదు

ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే పెద్ద విమానం రోజుకు ఒకటో రెండో ప్రయాణాలు చేస్తుంది. చిన్న దూరాల ఏటీఆర్ పొద్దున్నే లేచి రాత్రి దాకా ఆరేడుసార్లు ఎక్కి దిగుతుంది. రోజుకు ఆరు చొప్పున పది రోజుల గడువులో 60 టేకాఫ్‌లు, 60 ల్యాండింగులు. పెద్ద విమానానికి అదే గడువులో 10 నుంచి 20. పైలట్‌కు పని ఒత్తిడి ఎక్కువగా ఉండేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే. క్యాలెండర్ మాత్రం ఇద్దరికీ ఒకటే.

పైగా చిన్న ఊళ్ల విమానాశ్రయాల్లో విడిభాగాల గోడౌన్ ఉండదు. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయంలో దిగిన ఏటీఆర్‌లో పైలట్ ఒక లోపం రాస్తే, దానికి కావాల్సిన పరికరం హైదరాబాద్ నుంచో ఇంకెక్కడి నుంచో రావాలి. అందాకా ఆపేస్తే డెబ్బై మంది ప్రయాణికులు అక్కడే ఉండిపోతారు. ఆ తర్వాతి నాలుగు ప్రయాణాలూ రద్దు. ఎంఈఎల్ లేకపోతే చిన్న పట్టణాలకు విమానాలు నడపడమే కుదరదని ఎయిర్‌లైన్లు అనడంలో నిజం ఉంది.

ఇంకా చిన్న విమానాల్లో లెక్క మరోలా ఉంటుంది. అమెరికాలో తొమ్మిది లేదా అంతకంటే తక్కువ ప్రయాణికుల సీట్లున్న విమానాన్ని, తగిన ఆటోపైలట్ ఉండి ప్రత్యేక అనుమతి ఉంటే, ఒక్క పైలట్‌తోనే నడపవచ్చు. అంటే అక్కడ ఆటోపైలట్ కో-పైలట్‌కు బదులు. అది పాడైతే మరమ్మతు వాయిదా వేయడమంటే, కుడివైపు సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టడం అన్నమాట. ఒకే పరికరం, ఒక చోట సౌకర్యం, ఇంకోచోట సిబ్బందిలో ఒకరు.

వేరేవైపు చూస్తే, చిన్న విమానానికి తేలికయ్యేవీ ఉన్నాయి. 29,000 అడుగుల పైన విమానాల మధ్య నిలువు దూరం వెయ్యి అడుగులే కాబట్టి, అక్కడికి వెళ్లాలంటే ఎత్తు చూపే పరికరాలు, ఆటోపైలట్ పక్కాగా ఉండాలి. ఏటీఆర్ ఎగరగలిగే గరిష్ఠ ఎత్తే 25,000 అడుగులు. ఆ నిబంధన దాని జోలికే రాదు.

ఇంధనం ముల్లు కథ: వాయిదా వేయకుండా బాగుచేసినప్పుడు

వాయిదా చెడ్డది, వెంటనే బాగుచేయడం మంచిది అని ఎవరికైనా అనిపిస్తుంది. 2005 ఆగస్టు 6న మధ్యధరా సముద్రంలో జరిగింది ఆ నమ్మకానికి అడ్డం వస్తుంది.

టునీషియాకు చెందిన ట్యూనింటర్ ఎయిర్‌లైన్ ఏటీఆర్ 72 అది. ముందురోజు కెప్టెన్ ఒక స్నాగ్ (లోపం) రాశాడు: ఇంధనం ఎంతుందో చూపే పరికరంలో అంకెలు సరిగా వెలగడం లేదు. రాత్రికి ఇంజినీర్లు దాన్ని మార్చేశారు. పుస్తకం ప్రకారం లోపం లేని విమానం సిద్ధమైంది. స్టిక్కర్ కూడా అక్కర్లేదు.

మార్చిన పరికరం ఏటీఆర్ 42ది. ఏటీఆర్ 42, 72 అన్నదమ్ముల్లాంటి విమానాలు. పరికరాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని గూట్లో ఇంకోటి చక్కగా అమరుతుంది. ట్యాంకుల ఆకారం వేరు కాబట్టి, ట్యాంకులోని సెన్సర్ల నుంచి వచ్చే సంకేతాన్ని కిలోలుగా మార్చే లెక్క మాత్రం వేరు. కంపెనీ విడిభాగాల జాబితాలో మాత్రం ఒకదాని బదులు ఇంకోటి వాడొచ్చని తప్పు సమాచారం ఉంది.

కొత్త పరికరం ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపించింది. తెల్లారి అదే కెప్టెన్ వచ్చి చూస్తే ట్యాంకులో తాను వదిలినదానికంటే ఇంధనం ఎక్కువగా ఉంది. రాత్రి నింపి ఉంటారనుకుని ఆ స్లిప్ అడిగాడు. స్లిప్ దొరకలేదు. అసలు ఎవరూ నింపలేదు కాబట్టి దొరకదు. ఆయన బయలుదేరాడు. ఇటలీలోని బారి నుంచి జెర్బాకు తిరుగు ప్రయాణం మొదలయ్యేటప్పటికి పరికరం 2,700 కిలోలు చూపిస్తోంది, ట్యాంకుల్లో నిజంగా ఉన్నది 600 కిలోలు కూడా లేదు. సముద్రం మీద ఒకదాని తర్వాత ఒకటి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్లకు పరికరం ఇంకా ఇంధనం ఉందనే చూపిస్తోంది కాబట్టి, ఇంజిన్లు ఎందుకు ఆగాయో అర్థం కాక వాటిని మళ్లీ అంటించడానికి ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఇటలీలోని పలెర్మో విమానాశ్రయం చేరలేక నీళ్ల మీద దింపారు. 39 మందిలో 16 మంది చనిపోయారు.

‘ఇంధనం తగ్గింది’ అని హెచ్చరించే దీపం వెలగలేదా అంటే, ఆ దీపానికీ సమాచారం అదే పరికరం నుంచి వెళ్తుంది. పైన చెప్పిన ‘సంబంధం లేని రెండు’ అనే షరతు ఇక్కడ లేదు. ఆ హెచ్చరికను ఇంధనం పరికరంతో సంబంధం లేకుండా విడిగా పెట్టాలని ఇటలీ దర్యాప్తు సంస్థ తర్వాత సిఫార్సు చేసింది.

నాకు ఈ ఉదంతంలో ఎప్పుడూ గుచ్చుకునేది ఒకటే. అంకెలు సరిగా వెలగని పాత పరికరంతోనే, ‘ఇనాప్’ స్టిక్కర్ వేసుకుని వెళ్లి ఉంటే? చెడిపోయిందని తెలిసిన ముల్లును ఎవరూ నమ్మరు. ఇంధనాన్ని ఇంకో దారిలో కొలిచి చూసుకునేవారు. బాగైంది అనుకున్నదాన్నే ఎవరూ అనుమానించలేదు.

కొలకర్రతో కొలిచినప్పుడు

అలాగని ఇంకో దారిలో కొలవడం గండం లేని పని అనుకోకూడదు. 1983 జూలై 23న కెనడాలో జరిగింది చాలామంది వినే ఉంటారు. అది చిన్న విమానం కాదు, ఎయిర్ కెనడా బోయింగ్ 767. అయినా పరికరం లేని లోటును మనిషి ఎలా భర్తీ చేస్తాడో, ఎక్కడ జారతాడో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ ఇంకోటి లేదు.

ఇంధనం చూపే వ్యవస్థలో లోపం. ఒక ఊళ్లో టెక్నీషియన్ ఒక సర్క్యూట్ బ్రేకర్ లాగి, ట్యాగ్ కట్టి, మిగిలిన సగంతో పరికరం పనిచేసేలా చేశాడు. ఇంకో ఊళ్లో మరో టెక్నీషియన్ పరీక్షించడానికి ఆ బ్రేకర్ మళ్లీ నొక్కాడు. అంతలో వేరే పని పడి అలాగే వదిలేశాడు. తెరలు ఖాళీ అయ్యాయి, ట్యాగ్ మాత్రం వేలాడుతోంది. కెప్టెన్ ట్యాగ్‌ను, ఖాళీ తెరల్ని చూసి విమానం ఇలాగే వచ్చిందనుకున్నాడు. ఎంఈఎల్ ప్రకారం తెరలన్నీ ఖాళీగా ఉంటే ఎగరకూడదు.

ట్యాంకులో కొలకర్రతో కొలిస్తే 7,682 లీటర్లు వచ్చింది. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోలు. లీటరు ఇంధనం బరువు 0.803 కిలో. కాబట్టి ఉన్నది సుమారు 6,169 కిలోలు, ఇంకా కావాల్సింది 16,131 కిలోలు, అంటే దాదాపు 20,088 లీటర్లు పోయాలి. అక్కడున్నవాళ్లు అలవాటు కొద్దీ 1.77తో గుణించారు. అది లీటరుకు పౌండ్ల లెక్క. ఉన్నది 13,597 ‘కిలోలు’ అని తేలింది. 4,900 లీటర్ల చిల్లర పోసి సరిపెట్టారు. సగం దారిలో, 41,000 అడుగుల ఎత్తున మొదటి హెచ్చరిక మోగింది. ఆ తర్వాత కిందికి దిగుతుండగా ఇంజిన్లు ఆగాయి. గిమ్లీ అనే ఊళ్లో, వైమానిక దళం వదిలేసిన రన్‌వే మీద గ్లైడర్‌లా దింపగలిగారు కాబట్టి 69 మందీ బతికారు.

వాయిదా వేసిన పరికరం చేసే పనిని ఆ రోజుల్లో ఎవరో ఒకరు చేస్తూనే ఉండాలి. ఎక్కువసార్లు ఆ ఎవరో పైలటే. అందుకే ఒక లోపం పరవాలేదు గానీ మూడు కలిస్తే బరువవుతుంది. ఒకటి ఆటోపైలట్, ఒకటి వాతావరణ రాడార్, ఒకటి కో-పైలట్ వైపు తెర అనుకుందాం. పుస్తకంలో మూడింటికీ విడివిడిగా అనుమతి ఉండవచ్చు. జూన్‌లో ఉరుముల మబ్బుల మధ్య మూడూ ఒకేసారి ఒకే ఇద్దరి మీద పడతాయి. జాబితా ఒక్కో పరికరాన్ని విడిగా చూస్తుంది. కలిపి చూడాల్సింది బయలుదేరే ముందు కెప్టెన్. వద్దనే హక్కు ఆయనకుంది. ఆ హక్కును వాడుకునే వీలు, అంటే వాడితే పైనుంచి ఫోన్ రాని పరిస్థితి, అన్ని కంపెనీల్లో ఒకేలా ఉంటుందని చెప్పలేం.

జ్వరమా, జబ్బా?

2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో స్పానెయిర్ ఎండీ-82 టేకాఫ్ కోసం వెళ్లి వెనక్కి వచ్చింది. బయటి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్‌ను వేడిచేసే హీటర్, గాలిలో ఉన్నప్పుడే పనిచేయాల్సింది, నేల మీదే వేడెక్కుతోంది. టెక్నీషియన్ ఎంఈఎల్ చూశాడు. మంచు కట్టే వాతావరణం లేకపోతే ఆ హీటర్ లేకుండా వెళ్లవచ్చు. బ్రేకర్ లాగి పంపేశాడు. పుస్తకం ప్రకారం తప్పులేదు. కొద్దిసేపటికి, రెక్కల ఫ్లాప్‌లు దించకుండానే పైలట్లు టేకాఫ్ చేశారు. అలా మర్చిపోతే మోగాల్సిన అలారం మోగలేదు. 154 మంది పోయారు.

‘విమానం నేల మీద ఉంది’ అని హీటర్‌కూ, అలారానికీ చెప్పేది ఒకే రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. హీటర్ నేల మీద వేడెక్కడం ఆ రిలే పాడైందనడానికి గుర్తు అయి ఉండవచ్చు. అదే అలారం మూగబోవడానికి కారణమని దర్యాప్తులో రూఢిగా తేలలేదు. అయినా ప్రశ్న మిగిలింది: హీటర్ పాడైందా, లేక హీటర్‌కు తప్పు చెబుతున్నదేదో పాడైందా? ఎంఈఎల్ మొదటిదానికి జవాబిస్తుంది. రెండోది అడగడానికి టైమ్ కావాలి. గేటు దగ్గర ఎండలో ఆలస్యమవుతున్న విమానం, లోపల విసుగెత్తిన జనం ఉన్నప్పుడు దొరకనిది అదే.

‘క్లోజ్’ అని రాసినా తిరిగివచ్చే లోపాలూ ఉంటాయి. ఇండొనేసియాలో 2021 జనవరి 9న కూలిన శ్రీవిజయ ఎయిర్ 737లో ఇంజిన్ల శక్తిని సర్దే ఆటోథ్రాటిల్ గురించి జనవరి 3న ఫిర్యాదు. కనెక్టర్ శుభ్రం చేశారు, పరీక్ష పాసైంది. 4న మళ్లీ అదే ఫిర్యాదు, మరమ్మతు వాయిదా. 5న ఒక స్విచ్ శుభ్రం చేశారు, మళ్లీ పరీక్ష పాస్, వాయిదా క్లోజ్. నాలుగు రోజుల తర్వాత కుడివైపు థ్రాటిల్ వెనక్కి రావాల్సినప్పుడు రాలేదు, ఇంజిన్ల శక్తిలో తేడా పెరిగింది, పైలట్లు గమనించేసరికి విమానం తిరగబడింది. 62 మంది చనిపోయారు. అదే విమానంలో కో-పైలట్ వైపు వేగం చూపే పరికరం కూడా డిసెంబర్ 25 నుంచి ‘సి’ రకం వాయిదాలో ఉండి, జనవరి 4న కొత్తది పెట్టాక క్లోజ్ అయింది. దాంతో ఏ గొడవా రాలేదు. వాయిదా వ్యవస్థ అనుకున్నట్టు పనిచేస్తే ఎలా ఉంటుందో, అనుకున్నట్టు పనిచేయకపోతే ఎలా ఉంటుందో ఒకే లాగ్‌బుక్‌లో పక్కపక్కనే ఉన్నాయి.

ఎవరి వాదన ఏమిటి

ఎయిర్‌లైన్ల మాట: ప్రతి చిన్న లోపానికీ విమానం ఆపితే, చిన్న స్టేషన్లో చీకట్లో, చేతికందిన పరికరంతో హడావిడి మరమ్మతులు పెరుగుతాయి. ప్రధాన స్థావరానికి వచ్చాక, సరైన విడిభాగంతో తీరిగ్గా చేయడమే మేలు. ట్యూనింటర్ ఉదంతం చదివాక ఈ మాటను కొట్టిపారేయలేం.

పైలట్ల వైపు నుంచి వినిపించేది వేరు: గడువు ఇచ్చింది అత్యవసరానికి, వాడుకునేది విడిభాగాలు కొనకుండా నెట్టుకురావడానికి. ‘బి’, ‘సి’ గడువులను కొన్ని షరతులతో పొడిగించుకునే వీలు ఉంది. మినహాయింపుగా వాడాల్సిన పొడిగింపు మామూలైపోతే పది రోజులనే మాటకు అర్థం ఉండదు. నాకు ఇందులోనూ బలం కనిపిస్తుంది. పది రోజుల గడువున్నది పదో రోజే ఎందుకు బాగవుతుంది అనే ప్రశ్నకు ఇంజినీరింగ్ జవాబు ఉండదు, స్టోర్స్ విభాగం దగ్గర ఉంటుంది.

మూడో వాదన లెక్కకు సంబంధించింది. ‘ఏ’ రకంలో గడువును ప్రయాణాల సంఖ్యలో ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. రోజుకు ఆరుసార్లు ఎగిరే విమానాలకు కాక్‌పిట్ పరికరాల వరకైనా అదే పద్ధతి పెట్టవచ్చు కదా అని. ఇది న్యాయంగానే తోస్తుంది. చిక్కు ఏమిటంటే, విడిభాగం రావడానికి పట్టే టైమ్ రోజుల్లోనే ఉంటుంది. అరవై ప్రయాణాల బదులు ఇరవైకే గడువు పెడితే, ఏటీఆర్‌కు నాలుగో రోజునే ఆగే పరిస్థితి వస్తుంది. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది. మూడు, నాలుగు విమానాలతో చిన్న పట్టణాలకు నడిపే కంపెనీకి అందులో ఒకటి ఆగితే సర్వీసుల్లో మూడో వంతో, నాలుగో వంతో పోయినట్టే.